చెల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఫ్యామిలీ పెన్షన్ పూర్తిగా పోతుందా?

గోదారి_గట్టు
మా బావ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. 2021లో సర్వీసులో ఉండగానే పోయాడు. చెల్లికి ఇప్పుడు 32, పాపకు ఏడేళ్ళు. మంచి సంబంధం ఒకటి వచ్చింది. అబ్బాయికి మొదటి భార్య లేదు, పాపను కూడా సొంత బిడ్డలా చూసుకుంటానంటున్నాడు. చెల్లి కూడా నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి మనసు విప్పి "సరే అన్నయ్యా" అంది. ఈలోగా ఎవరో వచ్చి "పెళ్ళి చేసుకున్న మరుసటి నెల నుంచే పెన్షన్ బంద్, పాపకు ఏమీ మిగలదు" అని చెప్పి వెళ్ళారు. అప్పటి నుంచి మళ్ళీ వద్దంటోంది. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అసలు రూల్ ఏంటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

సీతాకోక
పోతుంది. మా వీధిలో ఒకావిడకు అలాగే ఆగిపోయింది.

రిటైర్డ్_పద్దులు
సీతాకోక గారూ, "పోతుంది" అనే ఒక్క మాటతోనే ఎన్నో పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. నేను పెన్షన్ సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. కొంచెం వివరంగా చెప్తాను, ఓపికగా చదవండి.

కేంద్ర ఉద్యోగులకు ఇప్పుడు వర్తించేది సీసీఎస్ (సెంట్రల్ సివిల్ సర్వీసెస్) పెన్షన్ రూల్స్ 2021, అందులో 50వ రూల్. (అంతకుముందు 1972 రూల్స్‌లో ఇదే 54వ రూల్.) పిల్లలున్న భార్యకు ఫ్యామిలీ పెన్షన్ ఆమె చనిపోయేదాకా లేదా మళ్ళీ పెళ్ళి చేసుకునేదాకా వస్తుంది, ఏది ముందైతే అంతవరకు. అంటే మీ చెల్లి పేరు మీద ఆగుతుంది, నిజమే. కానీ అది ఆ కుటుంబానికే లేకుండా పోదు. వరసలో తర్వాత ఉన్నవాళ్ళకు వెళుతుంది. ఇక్కడ ఆ తర్వాతి మనిషి పాప.

పాపకు 25 ఏళ్ళు నిండేదాకా, లేదా పెళ్ళయ్యేదాకా, లేదా సొంత సంపాదన మొదలయ్యేదాకా వస్తుంది. ఆడపిల్లకు పెళ్ళి కాకపోతే, సంపాదన లేకపోతే 25 దాటాక కూడా అవకాశం ఉంది. మగపిల్లాడికి 25తో సరి. వైకల్యం ఉండి సంపాదించుకోలేని బిడ్డ అయితే జీవితాంతం.

ఇంకొకటి. సర్వీసులో చనిపోతే మొదటి పదేళ్ళు చివరి బేసిక్‌లో 50 శాతం ఇస్తారు, ఆ తర్వాత 30 శాతం. ఉదాహరణకు బేసిక్ 35,400 అనుకోండి. పదేళ్ళు 17,700, తర్వాత 10,620. దీని మీద డీఆర్, అంటే ధరలను బట్టి ఇచ్చే కరువు భృతి, అదనం. ఈ పదేళ్ళ లెక్క చనిపోయిన తేదీ నుంచి నడుస్తుంది, ఎవరు తీసుకుంటున్నారన్నది దానికి సంబంధం లేదు. కాబట్టి 2031 దాకా పాపకు కూడా ఆ ఎక్కువ రేటే రావాలి.

గోదారి_గట్టు
పద్దులు గారూ, ఇది చదివి చెల్లికి ఫోన్‌లో వినిపించాను. "పాపకు వస్తుందా? అంతే రేటా?" అని మూడుసార్లు అడిగింది. మీకు దండం పెట్టాలి.

నల్లరేగడి
ఇంత తలనొప్పి ఎందుకు? గుళ్ళో దండలు మార్చుకుని రిజిస్ట్రేషన్ చేయించకుండా ఉంటే సరి. కాగితం లేకపోతే పెళ్ళి లేదు, పెన్షన్ నడుస్తూనే ఉంటుంది. మా బంధువుల్లో ఇద్దరు ఇలాగే చేశారు.

చెరువుగట్టు_పిల్ల
నల్లరేగడి అన్నా, దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వొద్దు. మా పిన్ని సరిగ్గా ఇదే చేసింది. ఆరేళ్ళు ఎవరూ అడగలేదు. తర్వాత ఆస్తి గొడవలో మొదటి భర్త తరఫువాళ్ళే పెళ్ళి ఫొటోలతో ఆఫీసుకు ఫిర్యాదు చేశారు. ఆ ఆరేళ్ళ పెన్షన్ మొత్తం వెనక్కి కట్టమని నోటీసు వచ్చింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని పిన్ని మెట్ల మీద కూర్చుండిపోయింది. లోపలికి రమ్మంటే రాలేదు. డబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది ఏమిటంటే, కొత్త బాబాయిని అన్నేళ్ళు "మా ఇంట్లో అద్దెకుంటారు" అని పరిచయం చేయాల్సి రావడం. ఆయన ఆ మాట విని తలవంచుకునేవాడు.

మళ్ళీ పెళ్ళి అంటే తలెత్తుకుని బతకడానికి కదా? దాక్కుని బతకడానికైతే ఎందుకు?

నల్వకీలు
చట్టప్రకారం కూడా నల్లరేగడి గారి మాట తప్పు. హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఆచారం ప్రకారం తంతు జరిగితే పెళ్ళి జరిగినట్టే. రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన పెళ్ళి కాకుండా పోదు. పైగా మన దగ్గర పెళ్ళిళ్ళ తప్పనిసరి రిజిస్ట్రేషన్ చట్టం 2002 నుంచే ఉంది. రిజిస్టర్ చేయించకపోతే రేపు ఆ రెండో భర్తకేమైనా అయితే, ఈవిడ భార్య అని రుజువు చేసుకోవడానికే కోర్టుల చుట్టూ తిరగాలి. ఇక్కడ మిగుల్చుకున్నది అక్కడ పోగొట్టుకున్నట్టే.

రిటైర్డ్_పద్దులు
పెన్షన్ మొదలైనప్పుడు భార్యలు ఒక హామీపత్రం ఇస్తారు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే వెంటనే పెన్షన్ ఇచ్చే కార్యాలయానికి తెలియజేస్తానని అందులో ఉంటుంది. దుఃఖంలో ఉన్న మనిషి ముందు పదిహేను కాగితాలు పెట్టి "ఇక్కడ, ఇక్కడ" అని వేలు చూపిస్తాం, ఆమె సంతకం చేసుకుంటూ పోతుంది. నేను కూడా అలా చూపించినవాణ్ణే. ఏం రాసి ఉందో చదివి వినిపించాల్సింది అని ఇప్పుడనిపిస్తుంది. జీవన్ ప్రమాణ్‌లో ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు కూడా మళ్ళీ పెళ్ళి గురించి ప్రశ్న ఉంటుంది. అక్కడ "లేదు" అని నొక్కితే అది అబద్ధపు డిక్లరేషన్.

నల్లరేగడి
సరే, ఒప్పుకుంటున్నాను. పిన్నిగారి సంగతి చదివాక నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా కోపం వేరే. పెన్షన్ అనేది దానం కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని 1982లోనే నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా. అతను కష్టపడి సంపాదించిన హక్కు అయినప్పుడు, అతని భార్య ఇంకో పెళ్ళి చేసుకుంటే ఎందుకు ఆపాలి? కొత్త భర్త పోషిస్తాడులే అన్న లెక్కా? ఆడమనిషిని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి అప్పజెప్పే బరువులా చూడటం కాదా ఇది?

శ్రావణమేఘం
నల్లరేగడి గారు చెప్పిన ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. నా విషయం చెప్తాను. మాకు పిల్లలు లేరు. ఆయన పోయిన ఐదేళ్ళకు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను. నా పెన్షన్ ఆగలేదు. పిల్లలు లేని భార్యకు వేరే రూల్ ఉందని చాలామందికి తెలియదు. ఇతర ఆదాయం కనీస ఫ్యామిలీ పెన్షన్ కంటే, అంటే 9,000, దాని మీద డీఆర్ కలిపిన మొత్తం కంటే తక్కువుంటే మళ్ళీ పెళ్ళి తర్వాత కూడా పెన్షన్ వస్తుంది. డీఆర్ 50 శాతం ఉన్నప్పుడు ఆ హద్దు 13,500. డీఆర్ పెరిగితే హద్దూ పెరుగుతుంది.

ఆరు నెలలకోసారి నా ఆదాయం గురించి డిక్లరేషన్ ఇవ్వాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు కౌంటర్‌లో అబ్బాయి ఫారం చూసి, నన్ను చూసి, "మళ్ళీ పెళ్ళి అని రాశారు, పొరపాటున రాశారా మేడం?" అన్నాడు. వెనక లైన్‌లో ఉన్నవాళ్ళంతా తలలెత్తారు. "పొరపాటు కాదు నాయనా, నిజమే" అన్నాను. అతనికి రూల్ తెలియక మేనేజర్ దగ్గరికి వెళ్ళాడు. ఇరవై నిమిషాలు నిలబడ్డాను. రెండోసారి నుంచి అతనే ముందు లేచి కుర్చీ చూపించేవాడు.

సీతాకోక
ఇలా ఒకటుందని నాకు నిజంగా తెలియదు. మా వీధిలో ఆవిడకు పిల్లలున్నారా లేదా అని కూడా నేను ఆలోచించలేదు. మొదట తొందరపడ్డాను.

రిటైర్డ్_పద్దులు
శ్రావణమేఘం గారు చెప్పింది సరైనది. ఆరో వేతన సంఘం సిఫార్సులతో 2006 జనవరి 1 నుంచి ఇది వచ్చింది. రైల్వేవాళ్ళకూ ఉంది. కానీ జాగ్రత్త, ఇది కేంద్ర రూల్. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల భార్యలు దీన్నే పట్టుకుని వెళితే పని జరగదు. మన రాష్ట్ర రూల్స్, అంటే 1980 రివైజ్డ్ పెన్షన్ రూల్స్‌లో కూడా 50వ నంబరు రూలే ఉండటం వల్ల చాలామంది కలగాపులగం చేస్తారు. రెండూ వేర్వేరు పుస్తకాలు.

కొత్తచిగురు
మరి ప్రైవేటు కంపెనీల సంగతి? మా అక్క భర్త ఫ్యాక్టరీలో చేసేవాడు. ఈపీఎఫ్ పెన్షన్ నెలకు వెయ్యి చిల్లర వస్తుంది. ఇద్దరు పిల్లలు. అక్క ఇప్పుడు పెళ్ళికి సిద్ధంగా ఉంది. వెయ్యి రూపాయలు పోతే పోనీ అనుకుంటున్నాం కానీ పిల్లలది కూడా పోతుందేమోనని భయం.

రిటైర్డ్_పద్దులు
కొత్తచిగురు గారూ, పోదు. పైగా పిల్లల వాటా పెరుగుతుంది. ఈపీఎస్ (ఉద్యోగుల పెన్షన్ పథకం) 1995 కింద భార్యకు విడో పెన్షన్ మళ్ళీ పెళ్ళి దాకానే. ఇప్పుడు పిల్లలకు ఒక్కొక్కరికి ఆ విడో పెన్షన్‌లో 25 శాతం చొప్పున వస్తూ ఉండాలి, కనీసం 250. అక్కకు ఆగిపోయిన తర్వాత అదే పిల్లలకు ఆర్ఫన్ (అనాథ) పెన్షన్‌గా 75 శాతం అవుతుంది, కనీసం 750 ఒక్కొక్కరికి. ఇద్దరు పిల్లల వరకు, 25 ఏళ్ళ దాకా. లెక్క వేసి చూడండి: ఇప్పుడు అక్కకు 1,000, పిల్లలిద్దరికీ 500, మొత్తం 1,500. రేపు పిల్లలిద్దరికీ చెరి 750, మొత్తం 1,500. ఇంటికి వచ్చే సొమ్ములో పైసా తేడా లేదు!

పేరు "ఆర్ఫన్" అని ఉన్నందుకు మనసు నొచ్చుకోవద్దు. తల్లి బతికే ఉంది, పక్కనే ఉంది. ఫారంలో ఆ మాట ఉంది, అంతే.

కొత్తచిగురు
అసలు ఈ లెక్క ఎవరూ చెప్పలేదండీ. నాలుగు నెలలుగా వెయ్యి రూపాయల గురించే ఇంట్లో మాట్లాడుకుంటున్నాం. ఆ "ఆర్ఫన్" అన్న మాట మాత్రం అక్కకు ముందే చెప్పి ఉంచుతాను, కౌంటర్‌లో విని కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా.

పసుపుగడప
పీఎఫ్ డబ్బు, దానితో పాటు ఉండే ఈడీఎల్ఐ ఇన్సూరెన్స్, ఎల్ఐసీ క్లెయిము, గ్రాట్యుటీ కూడా వెనక్కి తీసుకుంటారా?

నల్వకీలు
లేదు. అవి ఒకసారి చేతికొచ్చే సొమ్ములు. వచ్చిందంటే ఆమెవే, పెళ్ళికీ వాటికీ సంబంధం లేదు. నెలనెలా వచ్చేవాటికే ఈ షరతు. ఉద్యోగంలో ప్రమాదం జరిగి చనిపోయినప్పుడు ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఇచ్చే డిపెండెంట్స్ బెనిఫిట్‌కు కూడా ఉంది: భార్య వాటా ఐదింట మూడొంతులు, మళ్ళీ పెళ్ళి దాకానే.

రోడ్డు ప్రమాదం కేసుల్లో బీమా కంపెనీలు "ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది కాబట్టి పరిహారం వద్దు" అని వాదిస్తుంటాయి. 2023లో బొంబాయి హైకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. పరిహారం కోసం జీవితాంతం ఒంటరిగా ఉండాలనుకోవడం సరికాదని చెప్పింది.

భర్త నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి విషయంలోనూ పాతకాలపు భయం ఇంకా ఉంది. 1856 నాటి వితంతు వివాహ చట్టంలో మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోయేది. ఆ చట్టాన్ని 1983లోనే రద్దు చేశారు. 1956 వారసత్వ చట్టం ప్రకారం భర్త పోయిన రోజునే ఆమె వాటా ఆమెకు దక్కుతుంది. తర్వాత పెళ్ళి చేసుకున్నా అది పోదు.

తంగేడుపువ్వు
కందుకూరి రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్‌లో. దాదాపు నూట నలభై ఏళ్ళు దాటాయి. అప్పుడు అడ్డం వచ్చింది శాస్త్రం, ఇప్పుడు పీపీఓ, అదే పెన్షన్ మంజూరు కాగితం. మనసు కలుక్కుమంటుంది.

మాజీ_హవల్దార్
సైన్యం సంగతి నేను చెప్తాను. యుద్ధంలో లేదా డ్యూటీ కారణంగా పోయినవాళ్ళ భార్యలకు వచ్చేది మామూలు ఫ్యామిలీ పెన్షన్ కాదు. లిబరలైజ్డ్, స్పెషల్ అని రెండు రకాలున్నాయి. వాటిలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నా ఆమెకు పెన్షన్ ఆగదు. పిల్లలుంటే, వాళ్ళను ఆమె పోషిస్తూ ఉంటే పూర్తిగా ఆమెకే. పోషించకపోతే ఆమెకు మామూలు రేటు, మిగతాది పిల్లలకు.

ఒకప్పుడు ఎలా ఉండేదో తెలుసా? భర్త తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటేనే కొనసాగేది. శౌర్య పతకాల మీద వచ్చే నెలసరి భత్యానికి కూడా ఆ షరతే. దాన్ని 2017లో తీసేశారు. మా యూనిట్‌లో ఒకతను పోయినప్పుడు అతని భార్యకు 23 ఏళ్ళు. మరిదికి 17. పెన్షన్ కోసం ఆ కుర్రాడితో ముడిపెట్టాలని పెద్దలు కూర్చున్నారు. మేము నలుగురం వెళ్ళి అడ్డుపడ్డాం. ఆ రోజు ఆ అమ్మాయి తలుపు వెనక నిలబడి వింటోంది, చీర కొంగు మాత్రమే కనిపించింది.

చెరువుగట్టు_పిల్ల
మాజీ_హవల్దార్ బాబాయ్, తర్వాత ఆవిడ ఏమయ్యారు?

మాజీ_హవల్దార్
టీచర్ ట్రైనింగ్ చేసింది తల్లీ. తర్వాత పెళ్ళి చేసుకుంది, తనకు నచ్చినవాణ్ణి. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. రాఖీకి ఇప్పటికీ ఫోన్ చేస్తుంది.

గోదారి_గట్టు
ఇక్కడ ఇంకో మెలిక వచ్చింది. నిన్న చెల్లి అత్తగారింటి నుంచి మనుషులొచ్చారు. "పెళ్ళి చేసుకుంటే చేసుకోండి, పాప పెన్షన్ మాత్రం మా ఖాతాలోకి రావాలి, ఇక మేమే గార్డియన్లం" అంటున్నారు. వేరే ఇంటికి వెళ్ళిన తల్లికి బిడ్డ మీద హక్కు ఉండదట. ఇంకొకటి, బావ 2004 తర్వాత చేరాడు, అంటే ఎన్‌పీఎస్ (కొత్త పెన్షన్ పద్ధతి). పైన చెప్పినవన్నీ మాకు వర్తిస్తాయా?

రిటైర్డ్_పద్దులు
ఎన్‌పీఎస్ ఉద్యోగి సర్వీసులో చనిపోతే పాత పద్ధతిలో ఫ్యామిలీ పెన్షన్ ఇచ్చే ఏర్పాటు ఉంది. అలా తీసుకుంటే ఖాతాలో ప్రభుత్వం వేసిన వాటా, దాని మీద పెరిగింది ప్రభుత్వానికి తిరిగి వెళుతుంది. ఉద్యోగి సొంత వాటా కుటుంబానికి వస్తుంది. చెల్లికి నెలనెలా పెన్షన్ ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. పీపీఓలో "ఫ్యామిలీ పెన్షన్" అని, ఎక్కువ రేటు ఏ తేదీ దాకా అని రాసి ఉంటే మీది ఇదే దారి. అలా కాకుండా ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి యాన్యుటీ (పాలసీ మీద క్రమంగా వచ్చే సొమ్ము) వస్తుంటే ఆ పాలసీ షరతులు చదవాలి.

నల్వకీలు
గార్డియన్ విషయంలో అసలు భయపడొద్దు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ తీసి చూడండి. తండ్రి తర్వాత సహజ సంరక్షకురాలు తల్లే. ఆ హక్కు ఎప్పుడు పోతుందో కూడా అందులోనే ఉంది: మతం మారితే, లేదా పూర్తిగా సన్యసిస్తే. మళ్ళీ పెళ్ళి ఆ జాబితాలో లేదు. ఆ పేజీ ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. పాప పేరు మీద ఖాతా, గార్డియన్‌గా తల్లి.

వేపచెట్టు_నీడ
నేను అటువైపు మనిషిని, అందుకే రాస్తున్నాను. మా అబ్బాయి పోయాడు. కోడలు మళ్ళీ పెళ్ళి చేసుకుంది. అందరూ అత్తామామలను దుర్మార్గుల్లా చూస్తారు. మా ఇంట్లోకి కొడుకు జీతం మీదే పప్పూ ఉప్పూ వచ్చేవి. పెన్షన్ కోడలికి వెళ్ళింది, తర్వాత మనవడికి. మాకు రూపాయి లేదు. రూల్ ప్రకారం భార్య, అర్హులైన పిల్లలు ఎవరూ లేకపోతేనే తల్లిదండ్రుల వంతు. అది న్యాయమే, బిడ్డ ముందు. కానీ ఆ అడగడానికి వచ్చినవాళ్ళు డబ్బు కోసమే వచ్చారనుకోవద్దు. మనవరాలు చేజారిపోతుందేమోనన్న భయం అలా డబ్బు మాటగా బయటకొస్తుంది. నాకు అలాగే వచ్చింది. తర్వాత చాలా బాధపడ్డాను.

గోదారి_గట్టు
అమ్మా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. నిన్న వాళ్ళతో నేను గట్టిగా మాట్లాడాను. రేపు వెళ్ళి కలుస్తాను.

నల్లరేగడి
వేపచెట్టు_నీడ అమ్మా, కోడలు మనవణ్ణి పంపిస్తోందా?

వేపచెట్టు_నీడ
ప్రతి వేసవికీ వస్తాడు నాయనా. ఆ కొత్త అబ్బాయే తీసుకొచ్చి దింపుతాడు. నన్ను అమ్మా అనే పిలుస్తాడు.

మల్లెపందిరి
ప్రభుత్వం ఇచ్చే వితంతు పింఛను గురించి ఎవరూ రాయలేదు. ఆంధ్రలో ఎన్‌టీఆర్ భరోసా కింద 2024 నుంచి నెలకు 4,000 వస్తోంది. మా పక్కింటామె ఆ పింఛను కోసం పెళ్ళి మానుకుంది.

రిటైర్డ్_పద్దులు
అది ఒంటరిగా మిగిలిన స్త్రీకి సామాజిక భద్రత కింద ఇచ్చేది, మళ్ళీ పెళ్ళితో అర్హత పోతుంది. దానికి పిల్లలకు బదిలీ ఉండదు. అందుకే ఈ రెండింటినీ ఒకటే అనుకుని భయపడొద్దు. ఫ్యామిలీ పెన్షన్ ఉద్యోగి సర్వీసు నుంచి వచ్చింది.

అట్లాంటాలో_అచ్యుతం
ఇక్కడ అమెరికాలో సోషల్ సెక్యూరిటీలో 60 ఏళ్ళు నిండాక మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొదటి భర్త మీద వచ్చేది ఆగదు. 60కి ముందు చేసుకుంటే ఆ పెళ్ళి ఉన్నంతకాలం రాదు. 59లో ఉన్న మా పొరుగావిడ పుట్టినరోజు దాకా ఆగి, మరుసటి వారం పెళ్ళి పెట్టుకుంది. మేమంతా వెళ్ళాం, చాలా సంతోషంగా జరిగింది.

తులసికోట
నాకు 57. పిల్లలు స్థిరపడ్డారు. పోయినేడు ఒక రిటైర్డ్ ఉద్యోగిని పెళ్ళి చేసుకున్నాను. మొదటాయన ఫ్యామిలీ పెన్షన్ ఆగింది, నేనే రాసిచ్చి ఆపించుకున్నాను. నా పిల్లలకు అర్హత లేదు, అందరికీ ఉద్యోగాలున్నాయి. కాబట్టి నాకు నిజంగానే పోయింది. అయినా చేసుకున్నాను. సాయంత్రం ఒకరు "టీ పెట్టనా" అని అడిగితే ఎలా ఉంటుందో ఎనిమిదేళ్ళు ఒంటరిగా ఉన్నవాళ్ళకు తెలుస్తుంది.

రిటైర్డ్_పద్దులు
తులసికోట గారూ, శుభాకాంక్షలు. మీ ఆయన కేంద్ర పెన్షనర్ అయితే వెంటనే ఒక పని చేయండి. రిటైరయ్యాక చేసుకున్న పెళ్ళి అయినా భార్యకు ఫ్యామిలీ పెన్షన్ హక్కు ఉంది. ఆయన తన పాత ఆఫీసుకు పెళ్ళి సర్టిఫికెట్‌తో రాసి మీ పేరు పీపీఓలో చేర్పించాలి. "తర్వాత చూద్దాం" అన్నవాళ్ళ ఫైళ్ళు నా టేబుల్ మీద ఎన్ని చూశానో.

తులసికోట
ఈ విషయం మాకు ఎవరూ చెప్పలేదు. రేపే రాయిస్తాను.

పసుపుగడప
కారుణ్య నియామకం కింద ఉద్యోగం వచ్చినవాళ్ళు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం తీసేస్తారా?

రిటైర్డ్_పద్దులు
కేంద్రంలో తీయరు. డీఓపీటీ (కేంద్ర సిబ్బంది శాఖ) సూచనల్లో స్పష్టంగా ఉంది: కారుణ్య నియామకం పొందిన భార్య మళ్ళీ పెళ్ళి తర్వాత కూడా సర్వీసులో కొనసాగవచ్చు.

గోదారి_గట్టు
పది రోజుల తర్వాత రాస్తున్నాను. చెల్లి బీరువాలోంచి పీపీఓ తీసింది. ఎక్కువ రేటు 2031 దాకా అని ఉంది. పాప పేరు కుటుంబ వివరాల్లో ఉంది కానీ పెన్షన్ మంజూరు మాత్రం చెల్లికి ఒక్కదానికే. పద్దులు గారు చెప్పిన హామీపత్రం కాపీ కూడా దొరికింది. కింద చెల్లి సంతకం సగంలో తెగిపోయి, మళ్ళీ మొదలుపెట్టినట్టు ఉంది. అది చూసి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

బావ పనిచేసిన ఆఫీసుకు వెళ్ళాను. పెళ్ళయ్యాక పెళ్ళి సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్, పాప ఖాతా వివరాలు, పీపీఓ కాపీ పెట్టి దరఖాస్తు ఇవ్వమన్నారు. పాప పేరు మీద కొత్తగా మంజూరు రావాలట, కొన్ని నెలలు పట్టొచ్చట. ఆ ఖాళీ నెలల బకాయి తర్వాత కలిపి వస్తుందన్నారు. ఈలోగా పాప ఫీజు నేను కడతాను.

అత్తగారింటికి కూడా వెళ్ళాను. బావ వాళ్ళ నాన్న ముందు మాట్లాడలేదు. పాప సెలవులన్నీ ఇక్కడే గడుపుతుందని చెల్లి రాసిచ్చిన ఉత్తరం ఇచ్చాను. చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. పెళ్ళికి వస్తానని చెప్పలేదు, రానని కూడా అనలేదు. నేను బయల్దేరుతుంటే "అబ్బాయి ఏం చదివాడు?" అని అడిగారు.

రిటైర్డ్_పద్దులు
దరఖాస్తు ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకదాని మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. పెళ్ళి తేదీ తర్వాత చెల్లి ఖాతాలో పొరపాటున ఒక నెల పెన్షన్ పడినా ముట్టుకోవద్దు, పక్కన పెట్టండి. అడుగుతారు.

వేపచెట్టు_నీడ
పెళ్ళి రోజు పాపను ఆ తాతగారి పక్కన కూర్చోబెట్టండి.

గోదారి_గట్టు
అలాగే అమ్మా.